ఎంత శాతమో అడిగాం, దేంట్లోనో అడగలేదు

సభకు నమస్కారం.

వైరస్ గురించి గానీ, వ్యాక్సిన్ ఎలా తయారవుతుందన్న దాని గురించి గానీ నేనివాళ మాట్లాడబోవడం లేదు. కొవిడ్ రోజుల్లో ఏ వ్యాక్సిన్ ఎంత శాతం పనిచేస్తుందో వార్తల్లో వింటూ వచ్చాం కదా, ఆ అంకెలు విని జనం ఎలా స్పందించారన్నదే నా విషయం. జనానికి లెక్కలు రావు కాబట్టే గందరగోళపడ్డారని అప్పట్లో చాలామంది నిపుణులు విసుక్కున్నారు. నేనలా అనుకోను. అంకెను చెప్పినవాళ్ళు సగమే చెప్పారు. మిగతా సగాన్ని జనం తమ భయంతోనో, ఆశతోనో నింపుకున్నారు.

2020 నవంబరు గుర్తు చేసుకోండి. 9వ తేదీన ఫైజర్, బయోఎన్‌టెక్ కంపెనీలు తమ వ్యాక్సిన్ 90 శాతానికి మించి పనిచేస్తోందని ప్రకటించాయి. రెండు రోజులకు రష్యా నుంచి స్పుత్నిక్ 92 అంది. 16న మోడెర్నా 94.5 అంది. 18న మళ్ళీ ఫైజరే వచ్చి 95 అంది. పది రోజుల్లో నాలుగు ప్రకటనలు, నాలుగూ పత్రికా ప్రకటనలే. పరిశోధన పత్రాలు ఇంకా బయటికి రాలేదు. స్పుత్నిక్ చెప్పిన 92 వెనక ఉన్నవి మొత్తం 20 కేసులు. అయినా అంకె అంకే. 9వ తేదీనే అమెరికా షేర్ మార్కెట్ ఎగిసింది. విమాన సంస్థల షేర్లు పెరిగాయి, వీడియో సమావేశాలు నడిపే జూమ్ కంపెనీ షేరు ఒక్క రోజులో దాదాపు 17 శాతం పడిపోయింది. ఇక అందరూ ఇళ్ళలోంచి బయటపడ్డట్టేనని మార్కెట్ తేల్చేసింది. అప్పటికి మామూలు జనంలో ఒక్కరికీ ఆ సూది పడలేదు.

అంతకు అయిదు నెలల ముందు, జూన్‌లో, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పెట్టిన గీత ఎంతో తెలుసా? 50 శాతం. అంతైనా ఉంటేనే అనుమతి గురించి మాట్లాడదామంది. 75 వస్తే బాగుండునని ఆగస్టులో అక్కడి అంటువ్యాధుల నిపుణుడు ఆంథొనీ ఫౌచీ అన్నారు. యాభై దాటితే చాలనుకున్న చోట 95 వచ్చింది. సంతోషించాల్సిన విషయమే, సంతోషించాం కూడా. చిక్కల్లా ఏమిటంటే, ఆ తర్వాత వచ్చిన ప్రతి వ్యాక్సిన్‌నీ 50 పక్కన కాకుండా 95 పక్కన నిలబెట్టి చూశాం. అరవై ముందు వచ్చి ఉంటే అరవైకే పండగ చేసుకునేవాళ్ళం.

ఇంతకీ ఆ 95 ఎక్కడిదో దగ్గరగా చూద్దాం. ఫైజర్ పరీక్షలో 43 వేల మందికి పైగా పాల్గొన్నారు. సగం మందికి వ్యాక్సిన్, సగం మందికి ఉత్త ఉప్పునీటి ఇంజెక్షన్. ఎవరికి ఏది వేశారో వాళ్ళకీ తెలియదు, తర్వాత వాళ్ళ ఆరోగ్యాన్ని గమనించినవాళ్ళకీ తెలియదు. తర్వాత ఎదురుచూశారు. రెండో డోసు పడి వారం గడిచాక లెక్కలోకి వచ్చిన కేసులు 170. వాటిలో ఉప్పునీటి వైపు 162, వ్యాక్సిన్ వైపు 8. రెండు వైపులా జనం దాదాపు సమానం కాబట్టి వ్యాక్సిన్ లేకపోతే ఇటు కూడా సుమారు 162 రావాలి. ఎనిమిదే వచ్చాయి. తగ్గినవి 154. నూట అరవై రెండులో నూట యాభై నాలుగు, అంటే 95 శాతం. లెక్క ఇంతే.

95 శాతం అంటే వేయించుకున్న ప్రతి వందమందిలో అయిదుగురికి జబ్బు వస్తుందని ఎంతమంది అనుకున్నారో! పత్రికల్లో కూడా అలా రాసినవాళ్ళున్నారు. లెక్కలోకి తీసుకున్నవాళ్ళలో వ్యాక్సిన్ వైపు ఉన్నది సుమారు 18 వేల మంది. వాళ్ళలో ఎనిమిది మంది అంటే రెండు వేల పైచిలుకు మందికి ఒకరు. అదీ పరీక్ష జరిగిన ఆ కొద్ది నెలల్లో.

ఇక్కడ అసలు ప్రశ్న వేరే ఉంది. కేసు అని దేన్ని లెక్కపెట్టారు? జ్వరం, దగ్గు, గొంతునొప్పి లాంటి లక్షణం ఏదైనా ఒకటి ఉండి, టెస్టులో పాజిటివ్ వస్తే అది ఒక కేసు. రెండు రోజులు పడుకుని లేచినా కేసే, ఆక్సిజన్ దాకా వెళ్ళినా కేసే. లక్షణాలు లేకుండా వైరస్ సోకినవాళ్ళు ఆ 170లో లేరు. వ్యాక్సిన్ వేసుకున్నవాళ్ళ నుంచి పక్కవాళ్ళకు సోకుతుందా లేదా అన్నది ఆ పరీక్ష కొలవనే లేదు. చావుల సంగతి తేల్చడానికి అన్ని చావులు అందులో జరగలేదు.

మరి జనం భయపడింది దేనికి? చావుకు. ఆశపడింది దేనికి? ఇక వైరస్ అంటదు, అంటించను అన్న భరోసాకి. కొలిచింది ఈ రెంటికీ మధ్యలో ఉన్న ఇంకో సంగతిని. ఒకే ఒక్క 95ని పట్టుకుని మూడు ప్రశ్నలకూ జవాబు అదే అనుకున్నాం. అలా అనుకోవద్దని ప్రకటించినవాళ్ళు గట్టిగా చెప్పనూ లేదు.

2021 జనవరి చివర్లో జాన్సన్ అండ్ జాన్సన్ ఒక్క డోసు వ్యాక్సిన్‌తో వచ్చింది. 66 శాతం అంది. అప్పటికి మనం ఈ అంకెల్ని పరీక్ష మార్కుల్లా చదవడానికి అలవాటు పడిపోయాం. 95 వచ్చినవాడు ఫస్టు, 66 వచ్చినవాడు అత్తెసరు. కానీ ఇక్కడ ప్రశ్నపత్రాలే వేరు! ఫైజర్, మోడెర్నా పరీక్షల్లో ఎక్కువ భాగం వైరస్ ఇంకా పెద్దగా మారకముందు జరిగింది. జాన్సన్ పరీక్ష నాటికి దక్షిణాఫ్రికాలో బీటా అనే మారిన వైరస్ రకం అల్లుకుపోయి ఉంది. అందుకే అదే వ్యాక్సిన్ అమెరికాలో 72, దక్షిణాఫ్రికాలో 57 చూపించింది. జబ్బు తీవ్రం కాకుండా ఆపడంలో మాత్రం మొత్తం మీద 85. ఈ 85 ఎంతమందికి గుర్తుందంటారు? అమెరికాలోని డెట్రాయిట్ మేయర్ మైక్ డగన్ ఆ మార్చిలో తన నగరానికి కేటాయించిన 6,200 జాన్సన్ డోసుల్ని వద్దన్నారు. మోడెర్నా, ఫైజర్ మేలైనవి, మా వాళ్ళకు మేలైనవే తెప్పిస్తానన్నారు. విమర్శలు రావడంతో తర్వాత మాట మార్చుకున్నారు. అన్ని వివరాలూ చేతికందే మేయరే అలా అన్నాక, ‘మంచి కంపెనీది వచ్చేదాకా ఆగుదాం’ అని క్యూలోంచి తప్పుకున్నవాళ్ళను తప్పుపట్టి లాభం లేదు.

బ్రెజిల్ కథ ఇంకోలా నడిచింది. చైనాకు చెందిన సైనోవాక్ టీకా కరోనావాక్‌ను అక్కడ బుటాంటన్ ఇన్‌స్టిట్యూట్ పరీక్షించింది. జనవరి 7న 78 శాతం అని చెప్పింది. 12న 50.4 అంది. మధ్యలో ఏమీ మారలేదు. మొదటి అంకె వైద్యం అవసరమైన కేసులది, రెండోది అతి తేలికపాటివి కూడా కలిపినది. రెండూ నిజాలే. అదే టీకాకు అంతకుముందే తుర్కియేలో 91 అన్నారు, ఇండోనేషియాలో 65 అన్నారు. ఇన్ని అంకెలు విన్నవాడికి ‘ఏదో దాస్తున్నారు’ అనిపిస్తే అది అజ్ఞానమా? నాకలా అనిపించదు. మంచి అంకె ముందు చెప్పి, చిన్న అంకెను అయిదు రోజులు జేబులో పెట్టుకున్నవాళ్ళు తెచ్చిపెట్టిన అపనమ్మకం అది. కొవాగ్జిన్ విషయంలో వరసే తిరగబడింది. అనుమతి 2021 జనవరి 3న వచ్చింది, సమర్థత అంకె మార్చి 3న వచ్చింది. ఆ రెండు నెలలూ నమ్మేవాళ్ళు అంకె లేకుండానే నమ్మారు, నమ్మనివాళ్ళు అంకె లేదనే నమ్మలేదు. మొదట 43 కేసుల మీద 81 అన్నారు, చివరికి 130 కేసుల మీద 77.8 దగ్గర స్థిరపడింది. ఈ రెండో అంకె వచ్చేసరికి ఎవరి అభిప్రాయం వాళ్ళకు గట్టిపడిపోయింది.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా విచిత్రంగా తోచిన 8 శాతం కథ చెబుతాను. 2021 జనవరి 25న జర్మనీలోని హాండెల్స్‌బ్లాట్ అనే వాణిజ్య పత్రిక, 65 ఏళ్ళు దాటినవాళ్ళలో ఆస్ట్రాజెనెకా టీకా సమర్థత 8 శాతమేనని ప్రభుత్వ వర్గాలను ఉటంకిస్తూ రాసింది. గుప్పుమంది. కంపెనీ అది అబద్ధమంది. ఆ 8 ఎక్కడిదో మర్నాడు జర్మన్ ఆరోగ్య శాఖ వివరించింది. పరీక్షలో పాల్గొన్నవాళ్ళలో 56 నుంచి 69 ఏళ్ళ వాళ్ళు సుమారు 8 శాతం ఉన్నారట, రెండు సంగతులూ కలగాపులగమైనట్టున్నాయి అంది. అంటే ఎంతమంది పాల్గొన్నారో చెప్పే శాతం, ఎంత పనిచేస్తుందో చెప్పే శాతంగా మారిపోయింది. పెద్దవయసు వాళ్ళు తక్కువమంది ఉన్నారు కాబట్టి వాళ్ళలో ఎంత పనిచేస్తుందో ఇంకా గట్టిగా చెప్పలేం. నిజానికి ఉన్న పరిస్థితి అంతవరకే. ‘చెప్పలేం’ అన్నది నాలుగు రోజుల్లో ‘పనిచేయదు’ అయిపోయింది. జనవరి 29న ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్, 65 దాటినవాళ్ళకు అది దాదాపు పనిచేయదని విలేఖరులతో అన్నారు. అదే రోజు యూరప్ ఔషధ సంస్థ 18 ఏళ్ళు దాటినవాళ్ళందరికీ దాన్ని అనుమతించాలని సిఫారసు చేసింది!

ఆస్ట్రాజెనెకా కంపెనీ కూడా తక్కువేం తినలేదు. అంతకుముందు నవంబరులోనే రెండు పూర్తి డోసులకు 62, సగం డోసు తర్వాత పూర్తి డోసుకు 90, సగటున 70 అని మూడు అంకెలు ఒకేసారి వదిలింది. ఆ సగం డోసేమో పరిమాణం కొలవడంలో వచ్చిన తేడా వల్ల జరిగిందని తర్వాత తెలిసింది. అనుమానానికి నేల అప్పుడే తయారైంది.

ఫిబ్రవరి 22న స్కాట్లాండ్ నుంచి అసలు జనంలో, అందులోనూ ఎక్కువగా వృద్ధుల్లో, ఏం జరిగిందో లెక్క వచ్చింది. ఒక్క డోసు పడిన నాలుగో వారం దాటాక ఆస్పత్రి పాలవడం ఫైజర్‌తో 85 శాతం దాకా, ఆస్ట్రాజెనెకాతో 94 శాతం దాకా తగ్గింది. 65 దాటినవాళ్ళకు ఆస్ట్రాజెనెకా వద్దని ఫ్రాన్స్, జర్మనీ గీసుకున్న వయసు గీతను మార్చి మొదట్లో సడలించాయి. ఇంతలో అరుదుగా రక్తం గడ్డకట్టే సమస్య బయటపడింది. అది నిజమైన సమస్యే. ఎక్కువగా తక్కువ వయసువాళ్ళలో కనిపించింది. మార్చి 30న జర్మనీ ఆ టీకాను 60 దాటినవాళ్ళకే అంది. జనవరిలో పెద్దవాళ్ళకు వద్దన్నది, మార్చి ఆఖరుకు పెద్దవాళ్ళకే అయింది. ఒక్కో నిర్ణయానికీ దాని కారణం ఉంది. కానీ రెండు నెలల్లో రెండు మాటలూ విన్న డెబ్భై ఏళ్ళ మనిషి స్థానంలో ఉంటే ఎవరైనా చెయ్యి ముందుకు చాపడానికి సందేహిస్తారు.

ఇక 2021 వేసవికి మాట మారింది. ‘రెండు డోసులు వేయించుకున్నా వచ్చింది కదా, మరి ఏం లాభం?’ డెల్టా రకం వచ్చింది, ముందు వేయించుకున్నవాళ్ళలో రక్షణ కొంత పలచబడింది. ఇజ్రాయెల్ ఆరోగ్య శాఖ జూలై మొదట్లో సోకకుండా ఆపడంలో ఫైజర్ సమర్థత 64 అంది, ఆ నెల నాలుగో వారానికి 39 అంది. శీర్షికలకెక్కింది 39. జబ్బు తీవ్రం కాకుండా 91 శాతం ఆపుతోందన్న మాట కూడా అక్కడే ఉంది. 95 నుంచి 39కి పడిపోయిందని లోకం గగ్గోలు పెట్టింది గానీ, ఈ రెండూ ఒకే వస్తువు కొలతలు కావు. మొదటిది లక్షణాలున్న జబ్బుది, రెండోది ఉత్త ఇన్ఫెక్షన్‌ది.

అదే నెలలో అమెరికాలోని ప్రావిన్స్‌టౌన్ అనే తీరపట్టణంలో వేడుకలకు జనం పోగయ్యారు. ఆ చుట్టుపక్కల 469 కేసులు తేలితే, వాళ్ళలో 74 శాతం వ్యాక్సిన్ పూర్తిగా వేయించుకున్నవాళ్ళు. ఆస్పత్రిలో చేరింది అయిదుగురు, చనిపోయినవాళ్ళు లేరు. టెన్షన్ పెట్టింది మాత్రం ఆ 74. దీన్ని ఒక లెక్కతో చూడండి. వెయ్యి మంది ఉన్న చోట 900 మంది వ్యాక్సిన్ వేసుకున్నారనుకుందాం. వేసుకోనివాళ్ళలో ప్రతి పదిమందికీ ఒకరికి జబ్బు వస్తుంది, వ్యాక్సిన్ దాన్ని 90 శాతం తగ్గిస్తుంది. అప్పుడు వేసుకోని వందమందిలో పదిమందికి, వేసుకున్న 900లో తొమ్మిదిమందికి వస్తుంది. పంతొమ్మిది మంది రోగుల్లో తొమ్మిదిమంది వ్యాక్సిన్ వేసుకున్నవాళ్ళే! అందరూ వేసుకున్న రోజున రోగులు నూటికి నూరుమందీ వాళ్ళే అవుతారు. ఈ చిన్న లెక్క ప్రతి బులెటిన్ కిందా వేసి ఉండాల్సింది.

పోలియో సంగతి ఒక్కటి చెప్పాలి. 1955 ఏప్రిల్ 12న సాల్క్ తయారుచేసిన పోలియో టీకా ఫలితాలను ఆ పరీక్ష నడిపిన థామస్ ఫ్రాన్సిస్ ప్రకటించినప్పుడు అమెరికాలో చర్చి గంటలు మోగాయి. ఆ టీకా 80–90 శాతం పనిచేస్తుందన్నారు. మిగతా పదీ ఇరవై సంగతేమిటని అడిగినవాళ్ళు తక్కువ. అప్పుడు కొలిచింది పక్షవాతాన్ని. తల్లిదండ్రులు వణికిందీ పక్షవాతానికే. భయపడిందీ కొలిచిందీ ఒకటే. కొద్ది రోజులకే కట్టర్ సంస్థ తయారుచేసిన టీకాలో బతికున్న వైరస్ మిగిలిపోయి పిల్లలు జబ్బుపడితే ఆ సంబరం కాస్తా చల్లబడింది, అది వేరే కథ.

కొవిడ్‌లో ఏ అంకె దేన్ని కొలిచిందో విడదీసి చెప్పినవాళ్ళు లేకపోలేదు. బ్రిటన్ ఆరోగ్య భద్రతా సంస్థ తన వారపు నివేదికల్లో సోకడం, లక్షణాలు, ఆస్పత్రి, మరణం అని విడివిడిగా వ్యాక్సిన్ సమర్థత ఇచ్చింది. అదే నివేదికలో వెనక పేజీల్లో ఇంకో పట్టిక ఉండేది. వయసుల వారీగా వేసుకున్నవాళ్ళలో లక్షకు ఎన్ని కేసులు, వేసుకోనివాళ్ళలో ఎన్ని అని. 2021 శరదృతువులో కొన్ని వయసుల్లో వేసుకున్నవాళ్ళ అంకె పెద్దదిగా కనిపించింది. వేసుకోనివాళ్ళు ఎంతమంది ఉన్నారన్న జనాభా లెక్క దగ్గరే తేడా ఉంది, టెస్టు చేయించుకునే అలవాట్లలోనూ తేడా ఉంది. పట్టిక అపార్థాలకు దారితీస్తోందని గణాంకాలను పర్యవేక్షించే సంస్థ అభ్యంతరం చెబితే, కింద వివరణలు పెంచారు. ప్రపంచమంతా స్క్రీన్‌షాట్ తీసి పంపుకున్నది ఆ వెనక పట్టికనే, అదీ కింద ఉన్న వివరణ కత్తిరించి. దాని గురించి గానీ, ఇంకే అంకె గురించి గానీ మీ ప్రశ్నలుంటే అడగండి.