వన్‌టౌన్ సందుల్లో తిరగవలసిన షంటింగ్ ఇంజను

వీక్షకులకు విజయవాడ నుంచి నమస్కారం. బల్లపై మీరు చూస్తున్నది జనరల్ ఎలక్ట్రిక్ వారి 44 టన్నుల షంటింగ్ ఇంజనుకు (యార్డుల్లో వ్యాగన్లను అటూ ఇటూ మార్చే ఇంజను) హెచ్‌ఓ స్కేలు నమూనా, అంటే అసలు దానిలో 87వ వంతు. అమెరికా ఇంజనుకు బెజవాడలో ఏం పని అని అడగవచ్చు. నా లేఅవుట్, అంటే నమూనా రైళ్లు తిరిగే ఈ అమరిక, ఏ రైల్వేకూ నకలు కాదు. సత్యనారాయణపురం మీదుగా సాగిన పాత రైలు మార్గం బీఆర్‌టీఎస్ రోడ్డుగా మారకుండా నిలిచి, దాని పాయ ఒకటి వన్‌టౌన్ గోదాముల వరకు పాకి ఉంటే ఎలా ఉండేదో అన్న ఊహతో కట్టుకున్నది. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు ఈ స్కేలులో సుమారు 19.3 మిల్లీమీటర్లు కావాలి, నా పట్టాలేమో బజారులో దొరికే 16.5 మిల్లీమీటర్లవి. నిష్ఠాపరులు మన్నించాలి.

ఆ 44 టన్నుల లెక్కకు ఒక కారణం ఉంది. 1937లో అక్కడ కుదిరిన ఒప్పందం ప్రకారం 90,000 పౌండ్లు, అంతకు మించిన బరువున్న ఇంజనులో డ్రైవరుతో పాటు ఫైర్‌మన్ కూడా ఉండి తీరాలి. రెండో జీతం తప్పించుకోవడానికి దీనిని 88,000 పౌండ్ల దగ్గర, అంటే అమెరికా లెక్కలో 44 టన్నుల దగ్గర, ఆపారు. ఆ పొదుపు వల్లనే ఇది ఇరుకు మలుపులకు సరిపోయే పొట్టి బండి అయింది.

పొట్టితనమే నమూనాకు శాపం కూడా. నమూనా ఇంజను పట్టాల నుంచి చక్రాల ద్వారా కరెంటు తీసుకుంటుంది. పాయింట్ల (బండి ఒక దారి నుంచి మరో దారికి మారే చోట్ల) మధ్య క్రాసింగ్ ముక్క ప్లాస్టిక్‌ది కావడంతో అక్కడ కరెంటు అందదు. పొడవైన ఇంజనుకు మిగతా చక్రాలు ఆసరా అవుతాయి, దీనికి ఆ వీలు తక్కువ. పైగా మన వేసవి దుమ్ము పట్టాల మీద పేరుకుంటుంది. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఈ బండి మొదటి రోజు ప్రతి పాయింటు మీదా ఆగిపోయింది, వేలితో నెట్టవలసి వచ్చింది. అందువల్ల రంగులకన్నా ముందు కరెంటు సంగతి చూడాలన్నది నా నిశ్చితాభిప్రాయం. ఎనిమిది చక్రాలకూ సన్నని ఫాస్ఫర్ బ్రాంజ్ రేకులు తాకేలా అమర్చి, తీగలు సోల్డరింగ్ చేశాను. తరువాత కరెంటు తెగిన క్షణాల్లో ఆదుకునేందుకు, దానిని నిల్వ చేసే 2.7 వోల్టుల సూపర్ కెపాసిటర్లు ఆరింటిని వరుసగా కలిపి డీసీసీ డీకోడరుకు (పట్టాల ద్వారా వచ్చే డిజిటల్ ఆదేశాలతో ఇంజనును నడిపే చిన్న సర్క్యూట్) జోడించాను. వాటికి చోటు కోసం లోపలి లోహపు బరువును అరగదీసేవారున్నారు. అలా చేస్తే చక్రాలకు పట్టు తగ్గి, నాలుగు వ్యాగన్లకే జారిపోతాయి. నేను కెపాసిటర్లను ఇంజనుకు శాశ్వతంగా తగిలించిన ఒక మూత వ్యాగనులో దాచాను.

డీకోడరులో సీవీ 3, సీవీ 4 అనే సెట్టింగుల విలువలు పెంచితే కదలడం, ఆగడం నెమ్మదిస్తాయి; సీవీ 5 తగ్గిస్తే గరిష్ఠ వేగం అదుపులో ఉంటుంది. షంటింగ్ బండికి పరుగు అక్కర్లేదు.

రంగు విషయం క్లుప్తంగా చెబుతాను. పాత రంగును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెట్టి తీశాను, ముందుగా బాడీ లోపలి అంచున పరీక్షించిన తరువాతే. పసుపు మీద నల్ల చారలు, తెలుగు అంకెలతో నంబరు వేశాను. తెలుగు అంకెలు పిల్లలు చదవలేకపోయారు, అది వేరే సంగతి.

ఇప్పుడు కెమెరాను గోదాము ముందున్న పాయింటు వైపు తిప్పుతున్నాను. బండి నడక వేగంలో దాన్ని దాటేటప్పుడు హెడ్‌లైట్‌ను గమనించండి, మినుకుమనదు.