సెంటర్ ఫీల్డ్‌లో ఎవరిని నిలబెడతారు?

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలకు, గ్రంథాలయ కార్యవర్గానికి, వెనక బెంచీల మీద కూర్చున్న మా కుర్రాళ్లకు, పిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన తల్లులకు నమస్కారం. పర్లాకిమిడిలో తెలుగు సభ జరిగితే ముందుగా గిడుగు రామమూర్తి పంతులుగారిని తలుచుకోవాలి. ఈ ఊళ్లో పాఠాలు చెప్పారు, సవరల భాష నేర్చుకున్నారు, మనం మాట్లాడే తెలుగే రాయాలని పోరాడారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే హాకీ ధ్యాన్‌చంద్ గారూ పుట్టారు. అందుకని ఇవాళ జాతీయ క్రీడా దినోత్సవం కూడా. నన్ను భాష గురించి మాట్లాడమన్నారు. పెద్దలు మన్నించాలి, నేను ఆట గురించే మాట్లాడతాను.

మన రీడింగ్ రూమ్ కుర్రాళ్లు కొన్నాళ్లుగా కంప్యూటర్‌లో బేస్‌బాల్ టీములు నడుపుతున్నారు. ఆట పేరు అవుట్ ఆఫ్ ది పార్క్ బేస్‌బాల్. మార్కస్ హైన్‌సోన్ అనే జర్మన్ తయారుచేశాడు, 1999లో మొదటిసారి వచ్చింది. ఇందులో బ్యాటు మనం పట్టం. మేనేజరుగా ఎవరిని తీసుకోవాలి, ఎవరిని ఎక్కడ నిలబెట్టాలి అన్నదే మన పని. నేను వాళ్ల టీములు చూశాను. ముగ్గురు పెద్ద హిట్టర్లను తెచ్చి అవుట్‌ఫీల్డ్‌లో, అంటే మైదానం వెనక భాగంలో, పడేశారు. వాళ్లలో పేరున్నవాడికి సెంటర్ ఇచ్చారు. చూస్తే నాకు కడుపు మండింది.

తల్లులకు ఒక్క మాట చెప్పి ముందుకెళ్తాను. క్రికెట్‌లో ఎడంచేతి బ్యాట్స్‌మన్ వస్తే లాంగాఫ్ అటువైపు మారుతుంది. బేస్‌బాల్‌లో అలా కాదు. బ్యాటర్ దగ్గర నించుని చూస్తే ఎడమవైపు లెఫ్ట్ ఫీల్డ్, నడిమిది సెంటర్, కుడివైపు రైట్. ఎవరు బ్యాటింగ్‌కి వచ్చినా ఇవి మారవు. ముగ్గురే మనుషులు, వెనకున్న మైదానమంతా వాళ్లదే. ఇక బేసులంటే, కొట్టినవాడు పరిగెడుతూ వరసగా తాకాల్సిన గుర్తులు, అన్నీ చుట్టి వస్తేనే ఒక పరుగు.

ఆటలో ప్రతి అవుట్‌ఫీల్డర్‌కీ రేంజ్, ఎర్రర్, ఆర్మ్ అని మూడు రేటింగులుంటాయి, మామూలుగా 20 నుంచి 80 దాకా. ఎంత దూరం పరిగెత్తి బంతిని అందుకోగలడు, ఎంత నమ్మకంగా పట్టగలడు, ఎంత బలంగా విసరగలడు. సెంటర్‌కి ముందు రేంజ్ చూడండి. 1954 సెప్టెంబరు 29న అమెరికా బేస్‌బాల్ ఫైనల్స్ అయిన వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్, న్యూయార్క్ పోలో గ్రౌండ్స్ మైదానం. స్కోరు 2-2, ఎనిమిదో ఇన్నింగ్స్, బేసుల మీద ఇద్దరు. విక్ వెర్ట్జ్ కొట్టిన బంతి సెంటర్ లోతుల్లోకి పోయింది. ఆ మైదానంలో సెంటర్ గోడ 483 అడుగుల దూరం. జెయింట్స్ టీము సెంటర్ ఫీల్డర్ విల్లీ మేస్ బంతికి వీపు చూపించి పరిగెత్తి, భుజం మీదుగా పట్టి, గిర్రున తిరిగి విసిరాడు. ఒక్క పరుగూ రాలేదు. పదో ఇన్నింగ్స్‌లో జెయింట్స్ 5-2తో గెలిచారు. అదే చోట బరువైన కాళ్లవాడు ఉండి ఉంటే ఏమయ్యేదో మీరే లెక్కవేయండి.

రైట్‌కి చెయ్యి కావాలి. అక్కణ్ణించి మూడో బేసుకి విసరడం చాలా దూరం. చెయ్యి బలహీనంగా ఉంటే, మొదటి బేసు మీదున్నవాడు, కొట్టినవాడు ఒక్క బేసే చేరే సింగిల్‌కే మూడో బేసు చేరిపోతాడు. పిట్స్‌బర్గ్ రైట్ ఫీల్డర్ రొబెర్టో క్లెమెంటేకి 12 గోల్డ్ గ్లోవులు, అంటే మంచి ఫీల్డర్లకిచ్చే అవార్డులు, వచ్చాయి. నికరాగువా భూకంప బాధితులకి సాయం తీసుకెళ్తూ 1972 డిసెంబరు 31న విమానం కూలి పోయారాయన. ఆ చెయ్యి గుర్తుపెట్టుకోండి.

మిగిలినవాడు లెఫ్ట్‌కి. అక్కణ్ణించి మూడో బేసు దగ్గరే. మైదానాన్ని కూడా చూసుకోవాలి. బోస్టన్ ఫెన్‌వే పార్కులో లెఫ్ట్ గోడ 37 అడుగుల ఎత్తు, లైను పక్కన 310 అడుగులే, అక్కడ నెమ్మదైనవాడు నెట్టుకురాగలడు. డెన్వర్ కూర్స్ ఫీల్డ్ సముద్రమట్టానికి మైలు ఎత్తున ఉంటుంది, అవుట్‌ఫీల్డ్ చాలా విశాలం, ముగ్గురికీ కాళ్లు కావాల్సిందే. ఎప్పుడూ ఆడని చోట నిలబెడితే మొదట రేటింగ్ తక్కువ చూపిస్తుంది, కొన్నాళ్లు ఆడితే పెరుగుతుంది, కాబట్టి సీజన్‌కి ముందే అలవాటు చేయండి. ఇంకా చాలా ఉన్నాయి, తర్వాత రీడింగ్ రూమ్‌లో చెప్పుకుందాం.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా వీధిలో ఒకడుండేవాడు. పేరు చెప్పను. మహేంద్రతనయ ఒడ్డున మేం ఆడుకునే రోజుల్లో వాణ్ణి ఎప్పుడూ బౌండరీ దగ్గర నిలబెట్టేవారు. గద్ద కోడిపిల్ల మీద వాలినట్టు బంతి మీద వాలేవాడు. గుణుపురం టీముతో మ్యాచ్‌లో ఫోర్లు పోవాల్సిన బంతులు ఎన్ని ఆపాడో నేను కళ్లారా చూశాను. రెండు పరుగుల తేడాతో గెలిచాం. స్కోరు బుక్కులో వాడి పేరు ఎదురుగా నాలుగు పరుగులు, నాటౌట్. అంతే. క్యాచ్ పడితే రాస్తారు, ఆపిన బంతికి ఏమీ రాయరు. పెద్ద టీముకి ఎంపిక చేసేటప్పుడు వాళ్లు అదే బుక్కు తిరగేసి, "వీడు కొట్టిందేముంది?" అన్నారు. బుక్కులో లేని మాట నేనెంత చెప్పినా ఎవరు వింటారు? వాడు తర్వాత సూరత్ మిల్లుకి పోయాడు, మనవాళ్లు ఎందరో పోయినట్టే. ఇన్నేళ్లయినా నాకు ఆ కోపం తగ్గలేదు, తగ్గదు కూడా.

బేస్‌బాల్ స్కోరు రాసేవాళ్లు ప్రతి ఫీల్డర్‌కీ ఒక నంబరిస్తారు. లెఫ్ట్ 7, సెంటర్ 8, రైట్ 9. గాల్లో లేచిన బంతిని సెంటర్‌వాడు పడితే అవుట్ ఎదురుగా 8 పడుతుంది. విసిరి అవుట్ చేయించినవాడికీ లెక్క ఉంటుంది. ఈ కంప్యూటర్ ఆట ఇంకో అడుగు ముందుకేసి, ఎవరు తమ చుట్టూ ఎన్ని బంతులు అందుకున్నారో జోన్ రేటింగ్ అని చూపిస్తుంది. మా వాడికి ఆ ఒక్క కాలమ్ ఉండి ఉంటే!

అమ్మా, మీ అబ్బాయి బడిలో ఒడియా చదువుతాడు, ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, రాత్రి కంప్యూటర్‌లో అమెరికా టీము నడుపుతాడు. తిట్టకండి. ఈ లెక్క వాడు అక్కడే నేర్చుకున్నాడు. తమ్ముళ్లూ, మీరు కూడా ఒకటి చేయండి. మన ఊరి టోర్నమెంటు స్కోరు బుక్కులో చివర్న ఇంకో గడి గీయండి. ఫీల్డర్ పేరు, ఆపిన పరుగులు. ఫోరు ఒకటికి ఆగితే మూడు రాయండి. రెండు ఒకటికి ఆగితే ఒకటి. అనుమానమొస్తే అంపైర్‌ని అడగండి. వచ్చే ఆదివారం మ్యాచ్‌కి కొత్త బుక్కు నేను కొని తెస్తాను. బౌండరీకి రెండువైపులా ఇద్దరు కూర్చుని రాయాలి. ఎవరు కూర్చుంటారో ఇప్పుడే చేతులెత్తండి, పేర్లు రాసుకుంటాను.