ఘాటీ ఎక్కాలంటే ఏ మోటారు?

సభకు నమస్కారం. విశాఖలో సైకిలు తొక్కేవాళ్లకు ఎత్తు అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. బీచ్ రోడ్డు వదిలి కొండవాలు కాలనీలోకి తిరిగామంటే తొడలే చెబుతాయి. అందుకే చాలామంది బ్యాటరీ సైకిలు వైపు చూస్తున్నారు. అందరూ నన్ను అడిగేది ఒకటే: "ఎన్ని వాట్లది తీసుకోమంటారు?"

ఆ ప్రశ్న పట్టుకుని షాపుకు వెళ్తే ఏమీ తేలదండీ. రిజిస్ట్రేషను, లైసెన్సు లేకుండా తిరగాలంటే మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండాలని మన నిబంధన. దాంతో దాదాపు ప్రతి సైకిలు మీదా 250 అనే రాసి ఉంటుంది. అందులో ఒకటి ఎత్తు ఎక్కేస్తుంది, ఇంకోటి సగంలో ఆయాసపడుతుంది.

కొంచెం లెక్క వేద్దాం. మనిషి, సైకిలు, సంచి కలిపి 100 కిలోలు. ఎత్తు 15 శాతం, అంటే 100 మీటర్లు ముందుకెళ్తే 15 మీటర్లు పైకి. ఆ వాలులో బండిని వెనక్కి లాగే బలం, టైరు రాపిడితో కలిపి, సుమారు 155 న్యూటన్లు. పెద్ద చక్రానికి ఇరుసు నుంచి నేల దాకా 35 సెంటీమీటర్లు. ఈ రెండూ గుణిస్తే 54 న్యూటన్ మీటర్లు వస్తుంది. చక్రం దగ్గర అంత టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం, ఉంటేనే బండి పైకి కదులుతుంది. షాపువాడిని అడగాల్సింది ఈ అంకె.

మన దగ్గర అమ్మే సైకిళ్లలో ఎక్కువ వాటికి మోటారు వెనక చక్రం హబ్బులోనే, అంటే చక్రం నడుమ పుల్లలన్నీ కలిసే డబ్బాలోనే ఉంటుంది. ఈ హబ్ మోటార్లలో ఒక రకం డైరెక్ట్ డ్రైవ్. పళ్లెమంత వెడల్పు, మంచి బరువు, లోపల గేర్లుండవు. చక్రం ఎంత నెమ్మదిగా తిరిగితే మోటారూ అంతే. చప్పుడు చెయ్యదు, చదును రోడ్డు మీద హాయిగా ఉంటుంది. కొండకు మాత్రం వద్దనే చెబుతాను. టార్క్ కావాలంటే కరెంటు ఎక్కువ తీసుకోవాలి, కరెంటు రెట్టింపైతే వైండింగులో, అంటే మోటారులోని రాగి తీగ చుట్టలో, వేడి నాలుగు రెట్లవుతుంది. చక్రం నత్తనడకన తిరిగినా ఆ వేడి తగ్గదు. బండి ఆగిపోయి మోటారు ముక్కుతోందంటే బ్యాటరీలోంచి వచ్చేదంతా వేడికే పోతోందన్నమాట.

రెండోది గేర్డ్ హబ్. చిన్నగా ఉంటుంది. లోపల మోటారు సుమారు అయిదు చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. మూత విప్పి చూస్తే నడుమ చిన్న ఉక్కు గేరు, దాని చుట్టూ తెల్లటి నైలాన్ గేర్లు మూడు, వాటికి గ్రీజు. ఎత్తులో ఆగి, పెడల్ వెయ్యకుండా హ్యాండిల్ మీది థ్రాటిల్ ఒక్కటే తిప్పే అలవాటున్న బండిని విప్పితే ఆ నైలాన్ పళ్ల అంచులు అరిగి గుండ్రబడి కనిపిస్తాయి. ఒక్కోసారి మూత తియ్యగానే మాడిన వార్నిష్ వాసన కొడుతుంది. మోటారులోని అయస్కాంతాల సంగతీ అంతే. వాటిని చేసే నియోడిమియంలో మామూలు రకం 80 డిగ్రీలు దాటితే బలం తగ్గడం మొదలవుతుంది, చల్లారినా మొత్తం తిరిగి రాకపోవచ్చు.

ఈ రకం 250 వాట్ల మోటార్లు సాధారణంగా 35 నుంచి 45 న్యూటన్ మీటర్ల దాకా ఇస్తాయి. మనకు కావాల్సింది 54. మిగతాది కాళ్లు ఇవ్వాలి. గంటకు 6 కిలోమీటర్ల వేగంలో అది 70 వాట్లు, ఆరోగ్యంగా ఉన్న మనిషికి పెద్ద పని కాదు. కానీ ఒక మెలిక ఉంది. ముందు 44 పళ్లు, వెనక 18 పళ్లుండే ఒంటి గేరు సైకిలైతే ఆ వేగంలో పెడల్ నిమిషానికి 19 సార్లు కూడా తిరగదు. అలా తొక్కితే మోకాళ్లు పోతాయి. మోటారు ఉంది కదా, మళ్లీ గేర్లెందుకని ఒంటి గేరు బండి కొనేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. చక్రం చిన్నదైతే అదే మోటారు గట్టిగా తోస్తుంది. 20 అంగుళాల మడత సైకిలుకు ఇరుసు నుంచి నేల దాకా 25 సెంటీమీటర్లే. 40 న్యూటన్ మీటర్లు పెద్ద చక్రంలో 114 న్యూటన్ల తోపు ఇస్తే, ఇక్కడ 160 ఇస్తుంది. చూడ్డానికి పిల్లల బండిలా ఉంటుందని చాలామంది పక్కన పెడతారు గానీ కాలనీ ఎత్తులకు అది భేషైన బండి.

ఇక మిడ్ డ్రైవ్. మోటారు పెడల్ ఇరుసు దగ్గరే ఉండి, మీ కాళ్లతో పాటు చైనునే లాగుతుంది. బాష్, షిమానో సంస్థలు మౌంటెన్ బైకుల కోసం చేసిన ఇలాంటి మోటార్లు 85 న్యూటన్ మీటర్ల తరగతివి. ముందు 34, వెనక 51 పళ్ల గేరులో పెడితే అది చక్రం దగ్గర 127 అవుతుంది. నన్ను అడిగితే అసలు గొప్పతనం ఈ అంకెలో లేదు. గంటకు 6 కిలోమీటర్లతో పాకుతున్నప్పుడు కూడా పెడల్ నిమిషానికి 68 చుట్లు తిరుగుతుంది, దాంతో పాటు మోటారూ తనకు నచ్చిన వేగంలోనే ఉంటుంది. అందుకే అంతగా కాలదు.

అంత బలమూ పడేది చైను మీదే. చైను, వెనక గేరు పళ్లు త్వరగా అరుగుతాయి. ఎత్తు మొదలయ్యాక గేరు మారిస్తే ఠప్పున తెగనూవచ్చు, ఎత్తుకు ముందే మార్చుకోవాలి. చైను తెగిందంటే కాళ్లూ మోటారూ రెండూ పోయినట్టే. హబ్ మోటారైతే చైను లేకపోయినా చదునులో ఇంటికి చేరుస్తుంది. పైగా మిడ్ డ్రైవ్ ధర చాలా ఎక్కువ, బాగుచేసే మెకానిక్కులు తక్కువ.

అరకు వెళ్లాలనే కోరిక ఈ హాల్లో సగం మందికి ఉండి ఉంటుంది. ఆ ఘాట్ రోడ్డు కాలనీ సందుల్లా నిటారుగా ఉండదు. కొండదారులను మామూలుగా 5, 6 శాతం వాలుకే వేస్తారు. అంత వాలుకు 25 న్యూటన్ మీటర్లు కూడా అక్కర్లేదు, గేర్డ్ హబ్ చాలు. అక్కడ చిక్కు బ్యాటరీతో. 100 కిలోలను 900 మీటర్లు పైకి ఎత్తాలంటే ఏ మోటారుకైనా 245 వాట్ అవర్ల శక్తి తప్పదు. 36 వోల్టుల 10 ఆంపియర్ అవర్ బ్యాటరీలో ఉండేది, ఆ రెండూ గుణిస్తే, 360 వాట్ అవర్లు. వేడికి, రాపిడికి పోయేది కలిపితే దాదాపు అంతా అయిపోతుంది. చదునులో మోటారు ఆపేసి, కొండ కింద నుంచి వాడితేనే పైకి చేరతారు.

కొనే ముందు బండిని షాపు ముందు చదును రోడ్డు మీద తిప్పి చూస్తే ఏమీ తెలియదు. మీరు రోజూ ఎక్కే ఎత్తుకు తీసుకెళ్లండి. సగంలో ఆపి, మళ్లీ కదిలించండి. పైకి చేరాక హబ్ మీద చెయ్యి పెట్టి చూడండి. చెయ్యి పట్టలేనంత కాలుతోంటే ఆ బండి మీ ఎత్తుకు సరిపడదు. ఇక ప్రశ్నలుంటే అడగండి.