పాడ్‌కాస్ట్: కుక్కపిల్ల పంటిగాట్లు, ఇంట్లో తడి, గిన్నె దగ్గర గుర్రు

సమర్పకురాలు: అందరికీ నమస్కారం. మహబూబ్‌నగర్, నల్లగొండ వైపు నుంచి మాకు వచ్చిన సందేశాల్లో ఎక్కువ భాగం ఒకే బాధను చెబుతున్నాయి. ముచ్చటపడి తెచ్చుకున్న కుక్కపిల్ల నెల తిరగకముందే ఇంటిల్లిపాదినీ కరుస్తోందట, ఎక్కడపడితే అక్కడ మూత్రం పోస్తోందట. చాలా ఏళ్లుగా కుక్కలకు శిక్షణ ఇస్తున్న అన్న ఇవాళ మనతో ఉన్నారు. అన్నా, ముందుగా కరిచే సంగతి చెప్పండి.

శిక్షకుడు: నమస్కారం చెల్లెమ్మా. పోయిన నెల పిల్లలమర్రి దారిలో ఒక ఇంటికి వెళ్లాను. కుక్కపిల్లకు పది వారాలు. ఆ ఇంటి అమ్మాయి వాకిట్లోకి రాగానే కాలి పట్టీలను నోటితో పట్టుకుంటుంది. అమ్మాయి కేక వేసి పరుగెత్తుతుంది, పట్టీలు మోగుతాయి, లంగా అంచు ఊగుతుంది, అది మరింత హుషారుగా వెంటపడుతుంది. ఇంట్లోవాళ్లు దానిని మొండిది అన్నారు. నాకు మాత్రం అక్కడ కనిపించినది ఆట. కరిస్తే ఆట మొదలవుతుందని రోజూ ఆ ఇల్లే దానికి నేర్పుతోంది.

సమర్పకురాలు: పళ్లు వచ్చే వయసు కూడా కారణమే కదా?

శిక్షకుడు: అవును. దానికి 28 పాలపళ్లు ఉంటాయి. అవి మూడు, నాలుగు నెలలకు ఊడడం మొదలై, ఆరేడు నెలలు నిండేసరికి 42 శాశ్వత దంతాలు వస్తాయి. అన్ని రోజులూ చిగుళ్లు సలుపుతాయి కాబట్టి, ఏదో ఒకటి కొరకక మానదు. కొరకడానికి తగినదాన్ని మనం ఇవ్వకపోతే చెప్పో, మంచం కోడో అదే వెతుక్కుంటుంది. అందుకని ఆ అమ్మాయిని చెట్టులా నిలబడమన్నాను: చేతులు కట్టుకొని, చూపు పక్కకు తిప్పి, మాట లేకుండా. పట్టీని వదిలిన ఆ క్షణంలోనే "శభాష్" అని, తడిపి ముడివేసి ఫ్రిజ్‌లో చల్లబరిచిన మందపాటి గుడ్డను అందించి, అది పోగులు మింగకుండా పక్కనే కూర్చోమన్నాను. ఆ మెచ్చుకోలు ఒకటి రెండు సెకన్లకు మించి ఆలస్యమైతే, అప్పుడు తాను చేస్తున్న మరో పనికి దక్కిందని అది అనుకుంటుంది. ఇంకొక మాట మరిచిపోకూడదు. పన్ను గీరి రక్తం వస్తే, చిన్న పిల్లే కదా అని ఊరుకోకుండా, సబ్బుతో, ధారగా పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, రేబిస్ టీకా కోసం వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

సమర్పకురాలు: ఇంట్లో మూత్రం పోస్తే ముక్కును అందులో రాయాలని మా ఊళ్లో పెద్దలు చెబుతారు.

శిక్షకుడు: నేనూ అదే నమ్మాను చెల్లెమ్మా. జడ్చర్లలో ఉన్నప్పుడు నా మొదటి కుక్కపిల్లకు అలాగే ముక్కు రాసి, వీపు మీద కొట్టేవాణ్ణి. నాలుగో రోజు నుంచి హాలు పొడిగా ఉండడం చూసి నేర్చుకుందనుకున్నాను. వారం తర్వాత మూలన ఉన్న పల్లీల బస్తాలు జరిపితే, వాటి వెనక గోడ పొడవునా మరకలు ఉన్నాయి, అడుగు బస్తా గోనె నాని నల్లబడింది. ఈ మనిషి చూస్తుండగా పోయకూడదని మాత్రమే అది నేర్చుకుంది. ఆ తర్వాత పెరట్లోకి తీసుకెళ్లినా నా ఎదుట పోసేది కాదు. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

సమర్పకురాలు: మరి ఎలా నేర్పాలి?

శిక్షకుడు: నిద్ర లేవగానే, తిన్న వెంటనే, ఆడిన తర్వాత, రాత్రి పడుకునే ముందు పెరట్లో ఒకే చోటికి తీసుకెళ్లాలి. రెండు నెలల పిల్ల పగటిపూట సుమారు రెండు గంటలకు మించి ఆపుకోలేదు, కాబట్టి మొదటి వారాలు మన నిద్ర కొంత పోతుంది. పోయడం పూర్తికాగానే, అక్కడే, ఉడికించిన కోడిమాంసం చిన్న ముక్క పెట్టాలి. ఇంట్లోకి వచ్చాక పెడితే లోపలికి వచ్చినందుకే పెట్టారనుకుంటుంది. నేల తడిసినచోట అమ్మోనియా ఉన్న ద్రావణంతో తుడవకూడదు, ఆ వాసన మూత్రాన్ని పోలి ఉండి మళ్లీ అక్కడికే రప్పిస్తుంది.

సమర్పకురాలు: భోజనాల వేళ మొరిగే కుక్క గురించి ఒక తల్లి అడిగారు.

శిక్షకుడు: ఇంట్లో ఎవరో ఒకరు పెడుతున్నారన్నమాట. అందరూ మానేసినా నాయనమ్మ ఒక్క జొన్నరొట్టె ముక్క వేస్తే చాలు, అది మరో నెల మొరుగుతుంది. పూర్తిగా మానేసిన మొదటి రోజుల్లో మొరుగుడు ఇంకా పెరుగుతుంది. చాలామంది అక్కడే ఓడిపోతారు. ఆ కొద్ది రోజులు ఓర్చుకోవాలి.

సమర్పకురాలు: గిన్నె దగ్గరికి వెళితే గుర్రుమంటుందని నల్లగొండ నుంచి ఒకరు రాశారు.

శిక్షకుడు: ఆ గుర్రును కొట్టి ఆపవద్దని వారిని బతిమాలుతున్నాను. దగ్గరికి రావద్దని అది చెప్పగలిగిన మాట అదే. ఆ మాట అననీయకుండా చేస్తే, రేపు ఏ హెచ్చరికా లేకుండా కరుస్తుంది. ఉన్నట్టుండి మొదలైందంటే పంటి నొప్పో, చెవి నొప్పో ఉండవచ్చు కాబట్టి ముందు పశువైద్యుడికి చూపించాలి. నొప్పి లేదని తేలితే, అది తింటుండగా గుర్రు రానంత దూరంలో నిలబడి, గిన్నెలో ఉన్నదానికంటే రుచికరమైన ముక్కను దాని వైపు విసిరి వెనుదిరగాలి. పిల్లలను ఆ దరిదాపులకు రానీయకూడదు. కొన్ని రోజులకు మనిషి అడుగుల చప్పుడు వినగానే గిన్నెలోంచి తల ఎత్తి, తోక ఆడిస్తూ ఎదురుచూస్తుంది. అప్పుడు ఒక అడుగు ముందుకు వేయవచ్చు.