వెళ్ళిపోయినవారు, నిలబడ్డవారు: అమెరికాలో విశ్వాసం, స్వేచ్ఛ

సభాధ్యక్షులకు, పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

అమెరికాలో మతస్వేచ్ఛ గురించి మాట్లాడేవారు సాధారణంగా 1791లో ఆమోదం పొందిన తొలి రాజ్యాంగ సవరణతో మొదలుపెడతారు. నేను అంతకు నూట యాభై ఏళ్ళు వెనక్కి వెళ్ళి, మసాచుసెట్స్‌లో ఒక చలికాలం నుంచి మొదలుపెడతాను. ఆ స్వేచ్ఛ పాలకుల ఔదార్యం వల్ల కంటే, ఉన్నచోట ఊపిరాడక బయటికి నడిచిపోయినవారి మొండితనం వల్లే ఎక్కువగా పుట్టిందని నా అభిప్రాయం. నడిచిపోవడానికి నేల మిగలనప్పుడు ఏం జరిగింది, ఇవాళ కూర్చున్నచోటి నుంచి కదలకుండానే విశ్వాసాన్ని వదిలిపోతున్నవారి వల్ల ఏం జరుగుతోంది అన్నది ఆ తర్వాతి మాట.

ఇంగ్లండు విడిచి మసాచుసెట్స్ చేరిన ప్యూరిటన్లు అనే కఠిన నియమాల క్రైస్తవులు మతస్వేచ్ఛ కోసం వచ్చారని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. వారు కోరుకున్నది తమ మతాన్ని తాము ఆచరించుకునే స్వేచ్ఛ మాత్రమే. పక్కవాడికి అదే స్వేచ్ఛ ఇవ్వాలన్న ఆలోచన వారికి లేదు. 1631లో బోస్టన్‌లో అడుగుపెట్టిన రోజర్ విలియమ్స్ అనే యువ బోధకుడు ఆ సంగతి తొందరగానే తెలుసుకున్నాడు. మనస్సాక్షికి సంబంధించిన విషయాల్లో శిక్షించే అధికారం మేజిస్ట్రేటుకు లేదన్నాడు. స్థానిక తెగల భూమిని దానం చేసే హక్కు ఇంగ్లండు రాజుకు ఎక్కడిదని అడిగాడు. 1635 అక్టోబరులో వలస న్యాయస్థానం అతనికి బహిష్కరణ విధించింది. ఓడ ఎక్కించి ఇంగ్లండుకు పంపేస్తారని తెలిసి, 1636 జనవరిలో మంచు కురుస్తుండగా ఇల్లు విడిచి దక్షిణానికి బయలుదేరాడు. ఆ చలికాలం అతన్ని కాపాడింది తోటి క్రైస్తవులు కాదు, వాంపనోగ్ తెగవారు. తర్వాత నారగన్సెట్ తెగ పెద్దల దగ్గర భూమి తీసుకుని ప్రావిడెన్స్ అనే ఊరు కట్టాడు. ఆ ఊరి చుట్టూ పెరిగినదే రోడ్ ఐలండ్.

విలియమ్స్‌ను నేటి అర్థంలో ఉదారవాది అనుకుంటే పొరపడినట్టే. అతని విశ్వాసం చాలా కటువైనది. బోస్టన్ చర్చి ఇంగ్లండు చర్చితో పూర్తిగా తెగదెంపులు చేసుకోలేదని అందులో పదవినే నిరాకరించినవాడు. క్వేకర్లు అనే మరో క్రైస్తవ శాఖవారి బోధ అతనికి బొత్తిగా గిట్టదు. 1672లో, డెబ్బై ఏళ్ళకు చేరువవుతున్న వయసులో, వారితో బహిరంగ వాదన కోసం ప్రావిడెన్స్ నుంచి న్యూపోర్టుకు రోజంతా తానే పడవ తెడ్డు వేసుకుంటూ వెళ్ళాడు. రోజుల తరబడి వాదించాడు. కానీ వారిని ఆ నేల మీద నుంచి వెళ్ళగొట్టాలని మాత్రం అనలేదు. అంతకు పన్నెండేళ్ళ ముందే, 1660లో, బోస్టన్ మేరీ డయ్యర్ అనే క్వేకర్ స్త్రీని ఉరి తీసింది. బలవంతంగా చేయించిన ప్రార్థన దేవుడికే అసహ్యమని విలియమ్స్ నమ్మాడు; అతని సహనానికి మూలం సందేహం కాదు, విశ్వాసమే. 1763 నాటికి న్యూపోర్టులో యూదుల ప్రార్థనాలయం వెలిసిందంటే, దాని వెనక ఈ ఆలోచన ఉంది. 1790లో అక్కడి యూదులకు రాసిన లేఖలో, ఈ ప్రభుత్వం మతద్వేషానికి ఆమోదం ఇవ్వదని, హింసకు చేయూతనివ్వదని జార్జ్ వాషింగ్టన్ హామీ ఇచ్చాడు.

రెండు శతాబ్దాల తర్వాత ఇదే కథ మరింత పెద్ద ఎత్తున జరిగింది. 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ స్థాపించిన మోర్మన్ అనే కొత్త మతసంఘాన్ని మిస్సోరీ గవర్నరు 1838లో రాష్ట్రం నుంచి తరిమివేయాలని, లేదా నిర్మూలించాలని ఆదేశించాడు. 1844లో ఇల్లినాయిలో ఒక జైలులో స్మిత్‌ను గుంపు కాల్చి చంపింది. మిగిలినవారు బ్రిగమ్ యంగ్ నాయకత్వంలో పడమటికి నడిచి, 1847 జులైలో నేటి యూటాలోని సాల్ట్ లేక్ లోయకు చేరారు.

ఈ ప్రయాణాల్లో చేతిబళ్ళ యాత్ర గురించి కాస్త ఆగి చెప్పాలి. ఎడ్లబండి కొనలేని పేద వలసదారుల కోసం, ముఖ్యంగా ఇంగ్లండు, స్కాండినేవియా నుంచి వచ్చినవారి కోసం, 1856లో మనుషులే లాగే చెక్కబళ్ళు తయారు చేయించారు. పెద్దవారికి తలకు పదిహేడు పౌండ్ల సామాను, అంటే ఎనిమిది కిలోలకు కాస్త తక్కువ, అందులోనే పక్కబట్టలు, వంటగిన్నె. బళ్ళు పచ్చికర్రతో చేసినవి కావడంతో పడమటి మైదానాల పొడిగాలికి చక్రాలు బిగువు తప్పేవి, ఇరుసుల్లోకి దుమ్ము చేరి కర్రను కోసేసేది. జనం తమ కడుపు మాడ్చుకుని పంది కొవ్వును ఇరుసులకు పూసేవారు. ఆ యాత్రికుల్లో విల్లీ, మార్టిన్ అనేవారు నడిపిన దళాలు రెండూ ఆగస్టు రెండో సగంలో, అంటే చాలా ఆలస్యంగా, నెబ్రాస్కా తూర్పు అంచు నుంచి బయలుదేరాయి. ఇంత ఆలస్యంగా బయలుదేరవద్దని లెవీ సావేజ్ అనే అనుభవజ్ఞుడు కన్నీళ్ళతో చెప్పాడు, మెజారిటీ వినలేదు, ఆయన కూడా వారితోనే నడిచాడు. అక్టోబరులో వయోమింగ్ కొండల్లో మంచు ముంచుకొచ్చి, రెండు దళాల్లో కలిపి రెండు వందలకు పైగా చనిపోయారు. సాల్ట్ లేక్ నుంచి పిండి, దుప్పట్లతో బళ్ళు ఎదురు రాకపోతే ఇంకెందరు పోయేవారో.

ఈ కథను మోర్మన్ కుటుంబాలు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాయి. గర్వించదగిందే. అయితే 1857లో, అంటే మరుసటి సంవత్సరమే, దక్షిణ యూటాలోని మౌంటెన్ మెడోస్ దగ్గర అదే సంఘానికి చెందిన సాయుధులు పడమటికి వెళ్తున్న సుమారు నూట ఇరవై మంది బాటసారులను చంపారు. వారు స్థిరపడ్డ లోయలు అంతకుముందు యూట్, షోషోనీ తెగలవి. తరిమివేతకు గురైనవారి చేతికి అధికారం వచ్చాక వారూ తరిమేవారే కాగలరని ప్యూరిటన్లు ఒకసారి చూపించారు, వీరు మరోసారి చూపించారు.

1890 సంవత్సరం నాకు ఈ చరిత్రలో మలుపుగా కనిపిస్తుంది. బహుభార్యాత్వాన్ని విరమిస్తున్నట్టు మోర్మన్ సంఘం ప్రకటించింది ఆ ఏడాదే. ఆ జనగణనను ఆధారం చేసుకునే, వలసదారులు ఇంకా స్థిరపడని నేలకు అంచుగా ఉన్న పడమటి సరిహద్దురేఖ అన్నది ఇక లేదని అధికారులు తేల్చారు. ఆ డిసెంబరు చివర్లో, స్థానిక తెగల్లో వ్యాపించిన ప్రేతనృత్యం అనే కొత్త ఆరాధన పట్ల భయం పెరిగిపోయిన నేపథ్యంలో, సౌత్ డకోటాలోని వూండెడ్ నీ దగ్గర సైన్యం లకోటా తెగ స్త్రీలను, పిల్లలను కూడా వదలకుండా కాల్చింది. ఇక వెళ్ళిపోవడానికి చోటు లేదు. విశ్వాసం కోసం సాహసం చేయాలంటే ఉన్నచోటే చేయాలి.

అలాంటి సాహసం చేసిన ఇద్దరు పిల్లలు పెన్సిల్వేనియాలోని మైనర్స్‌విల్ అనే బొగ్గుగనుల ఊరివారు. పన్నెండేళ్ళ లిలియన్, పదేళ్ళ విలియం, యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబం. 1935లో బడిలో జెండా వందనం చేయడం తమ విశ్వాసానికి విరుద్ధమన్నారు. అప్పట్లో అమెరికాలో జెండా వందనం చేయి ముందుకు చాపి చేసేవారు. జర్మనీలో హిట్లరుకు అలాగే చేయి చాపడం నిరాకరించినందుకు సాక్షులు జైళ్ళ పాలవుతున్న రోజులవి. పిల్లలను బడి నుంచి తీసేశారు, తండ్రి కిరాణా దుకాణాన్ని జనం బహిష్కరించారు. 1940లో సుప్రీంకోర్టు ఎనిమిది, ఒకటి తేడాతో బడివైపే తీర్పిచ్చింది. ఆ తర్వాత దేశమంతటా సాక్షుల మీద దాడులు జరిగాయి. మెయిన్ రాష్ట్రంలో వారి ప్రార్థనామందిరాన్ని తగలబెట్టారు. మూడేళ్ళకే, 1943 జూన్ 14న, వెస్ట్ వర్జీనియా నుంచి వచ్చిన బార్నెట్ కేసులో అదే కోర్టు తన తీర్పును తానే తిరగరాసింది. ఏది సనాతన సత్యమో నిర్ణయించే హక్కు ఏ అధికారికీ లేదని జస్టిస్ రాబర్ట్ జాక్సన్ రాశాడు. దేశం యుద్ధంలో ఉండగా ఆ మాట రాయడానికి న్యాయమూర్తికీ గుండె ధైర్యం కావాలి.

ఆ తీర్పు సముద్రం దాటి మన దగ్గరికి వచ్చింది. 1985లో కేరళలో ముగ్గురు సాక్షుల పిల్లలు జాతీయగీతం వస్తున్నప్పుడు లేచి నిలబడ్డారు కానీ పాడలేదు. బడి వారిని తీసేసింది. 1986 ఆగస్టులో భారత సుప్రీంకోర్టు పిల్లల పక్షాన తీర్పు చెప్పింది. రాసినవారు మన తెలుగువారు, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి పైకి వెళ్ళిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. మైనర్స్‌విల్, బార్నెట్ కేసులు రెండింటినీ ఆయన ఆ తీర్పులో చర్చించారు. మన సంప్రదాయం సహనాన్ని నేర్పుతుంది, దాన్ని పలుచన చేయవద్దని ముగించారు.

ఇక నేటి సంగతి. ఆరెగాన్‌లో స్థానిక తెగల ఆరాధనా సంఘమైన నేటివ్ అమెరికన్ చర్చికి చెందిన ఇద్దరు ఉద్యోగులు తమ పూజలో పయోటీ అనే మత్తు కలిగించే నాగజెముడు తిన్నందుకు ఉద్యోగాలు పోగొట్టుకుంటే, వారికి నిరుద్యోగ భృతి నిరాకరించడాన్ని 1990లో సుప్రీంకోర్టు సమర్థించింది. దీన్ని సరిదిద్దడానికి 1993లో అమెరికా చట్టసభ అయిన కాంగ్రెసు, మతాచరణకు రక్షణ ఇచ్చే చట్టాన్ని దాదాపు ఏకగ్రీవంగా చేసింది. ఆ చట్టాన్నే 2014లో హాబీ లాబీ అనే పెద్ద దుకాణాల గొలుసు యజమానులు ఉపయోగించుకుని, ఉద్యోగినుల బీమాలో కొన్ని గర్భనిరోధక సాధనాలకు చెల్లించనక్కర్లేదన్న తీర్పు తెచ్చుకున్నారు. అంచున ఉన్నవారి కోసం కట్టిన ఆశ్రయంలోకి బలవంతులు వచ్చి చేరారన్నది నా విమర్శ. వారి విశ్వాసం నిజమైనదే కావచ్చు. దాని ఖర్చు మాత్రం వేరేవారు భరిస్తున్నారు. విలియమ్స్ తన విశ్వాసం ఖర్చు తానే మంచులో చెల్లించాడు.

మరోవైపు, ప్యూ పరిశోధన సంస్థ సర్వేల ప్రకారం 2007లో అమెరికా వయోజనుల్లో 78 శాతం తాము క్రైస్తవులమన్నారు. 2023-24 నాటికి అది 62 శాతం. ఏ మతానికీ చెందనివారు 16 నుంచి 29 శాతానికి పెరిగారు. వీరిని ఎవరూ తరమలేదు, వీరు ఏ కొండా దాటలేదు. ఒక ఆదివారం వెళ్ళలేదు, ఆ తర్వాత వెళ్ళడం మానేశారు. ఇది నైతిక పతనమని నేను అనను. ఆ హక్కును చట్టం కాపాడుతుంది, కాపాడాలి. నా బెంగ వేరు. మైనర్స్‌విల్ పిల్లల వెనక వారి సంఘం ఉంది. బడి పోతే వేరే బడి పెట్టింది, వకీళ్ళను తెచ్చింది. ఒంటరిగా నమ్మేవాడికీ ఒంటరిగా నమ్మనివాడికీ రేపు ప్రభుత్వం ఏదైనా బలవంతం చేస్తే ఆ ఖర్చు పంచుకునేవారు ఎవరు?

1965 వలస చట్టం తర్వాత వెళ్ళిన మనవాళ్ళకు ఈ ప్రశ్న దగ్గరిదే. తిరుమల తిరుపతి దేవస్థానం సహకారంతో 1970లలో పిట్స్‌బర్గ్ దగ్గర పెన్ హిల్స్ కొండమీద వెంకటేశ్వరస్వామి గుడి కట్టుకున్న తరం, తమకు తెలియకుండానే విలియమ్స్ వేసిన దారిలో నడిచింది. ఆ తర్వాత 2000లో, ప్రార్థనా స్థలాలకు స్థానిక భూవినియోగ అధికారుల నుంచి రక్షణ ఇచ్చే కేంద్ర చట్టం కూడా వచ్చింది. గుడి కడతామంటే ట్రాఫిక్కు, పార్కింగు అంటూ ఇరుగుపొరుగు అభ్యంతరాలు చెప్పే విచారణల్లో దాన్ని ఆశ్రయించే వీలుంది. ఆ గుళ్ళు కట్టినవారి మనవలు ఇప్పుడు కాలేజీల్లో ఉన్నారు. వారిలో కొందరు పండుగ రోజున మాత్రమే వస్తారు, కొందరు రారు. గుడికి అనుమతి ఇప్పించిన స్వేచ్ఛే వారిని రాకుండా ఉండనిస్తోంది. కాబట్టి కార్యవర్గాలు వారిని రప్పించే మార్గాలు వెతుకుతూనే, ఇకమీదట రాననేవాడి మీద ఇంట్లోనూ సంఘంలోనూ ఎంత ఒత్తిడి పెట్టవచ్చో, ఎక్కడ ఆపాలో కూడా బాహాటంగా చర్చించుకోవాలని నా విన్నపం.

సెలవు.