ఒకే ఒంటి మీద పొలుసులూ, మొటిమలూ: బెంగళూరు స్నానం కథ

హాయ్ అండి! ఈ వీడియో మా పిన్ని కోసం. మొన్న వీడియో కాల్‌లో నా మోచేతులు చూసి, "ఏంటే, విభూది పూసుకున్నావా?" అంది.

కాకినాడలో ఉన్నవాళ్ళకి ఈ బాధ తెలీదు. అక్కడ స్నానం చేసి తుడుచుకునేలోపే మళ్ళీ చెమట. ఒంటికి క్రీము రాయాలన్న ఆలోచనే రాదు. ఇక్కడ బెంగళూరు మారతహళ్ళిలో మేం సముద్ర మట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉన్నాం. ఫిబ్రవరి వచ్చిందంటే గాలిలో తడి ఉండదు. పొద్దున్న ఆరేసిన జీన్సు మధ్యాహ్నానికి నిలబెడితే నిలబడుతుంది.

దానికి తోడు నీళ్ళు. మా పీజీ హాస్టల్‌కి కావేరి నీళ్ళు రావు, బోరు, అది ఎండితే ట్యాంకరు. ఇదిగో, కుళాయి మూతి చూడండి, తెల్లగా ఎలా పేరుకుందో. అది కాల్షియం, మెగ్నీషియం. సబ్బుతో కలిస్తే తెట్టు కట్టి ఒంటిని వదలదు. 2024 మార్చి నీటి కరువులో, 5 కిలోమీటర్లలోపు 12 వేల లీటర్ల ట్యాంకరుకి వెయ్యి రూపాయలని జిల్లా యంత్రాంగమే రేటు కట్టిందండి. నీళ్ళకి! కాకినాడలో మా ఇంట్లో చేతిపంపు దగ్గర పక్కింటివాళ్ళు కూడా పట్టుకెళ్ళేవారు, ఎవరూ అడిగేవారు కాదు. సరే, ఆ గొడవ ఇప్పుడెందుకు.

వీపు సంగతికొద్దాం. వీపు మీద, ఛాతీ మీద నూనె గ్రంథులు ఎక్కువ, పిక్కల మీద తక్కువ. అందుకే కాళ్ళు పొలుసులు లేస్తుంటే వీపు మొటిమలు వేస్తుంది. డాక్టరమ్మ బెంజాయిల్ పెరాక్సైడ్ వాష్ రాసింది. రుద్ది, కొన్ని నిమిషాలు ఉంచి కడిగెయ్యాలి. బాగా పనిచేస్తుంది, కానీ చర్మాన్ని ఎండగడుతుంది. రంగు తువ్వాళ్ళని కూడా వదలదు, వెలిసిపోతాయి, నా రూమ్‌మేట్ ఊదా తువ్వాలు ఇప్పుడు మ్యాపులా ఉంది. తెల్లవే వాడండి. ఇంకోటి, తలస్నానం ముందు కానిచ్చి వీపు చివర్లో కడగండి, కండిషనర్ జారి వీపుకి అంటుకోకుండా.

మొటిమలున్నాయని లోషన్ మానెయ్యక్కర్లేదు. గ్లిజరిన్, సెరమైడ్లు (చర్మంలో తడి నిలిపే కొవ్వులు) ఉన్న పల్చటి లోషన్ తీసుకుని, ఒళ్ళు ఇంకా చెమ్మగా ఉండగానే రాయాలి. నాది 540 రూపాయలు. నేను ఏది కొన్నా కాకినాడ రూపాయల్లోకి మార్చి చూస్తాను: మా వీధి మెస్‌లో అయిదు భోజనాలు, పెరుగుతో సహా. సీసా మీద "నాన్ కామెడోజెనిక్" అని, అంటే చర్మ రంధ్రాల్ని మూసెయ్యదని ఉంటే మంచిదే, పూర్తిగా నమ్మకండి. ఆ మాటకి చట్టంలో కట్టుదిట్టమైన ప్రమాణమేమీ లేదు. పాత పరీక్షలైతే కుందేళ్ళ చెవుల మీద చేసేవారు. ఆ లెక్కల్లో కొబ్బరినూనెకి 5కి 4 మార్కులు పడ్డాయి. ఎక్కువ మార్కులంటే రంధ్రాలు ఎక్కువ మూసుకుంటాయన్నమాట.

అమ్మా, వింటున్నావా? శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో ఎవరొస్తున్నా రెండు లీటర్లు కొబ్బరినూనె పంపిస్తున్నావు. తలకి రాస్తున్నాను, కాళ్ళకీ రాస్తున్నాను. వీపుకి మాత్రం వద్దు. దురద పెడుతూ అన్నీ ఒకే సైజులో గింజల్లా వస్తే అసలు మొటిమలే కాకపోవచ్చు, ఈస్టు అనే ఫంగస్ అయ్యుండచ్చు. దానికి నూనె మేతే. మందూ వేరు, డాక్టరుకి చూపించాలి.

ఇక వీపు మధ్యలో చెయ్యి అందదు కదా, దానికిదిగో ఈ కర్ర. చివర స్పాంజి ఉంది, 250 రూపాయలు. మన దగ్గర ఇలాంటివి అమ్మరు. ఆదివారం కుంకుళ్ళు నానబెట్టి, వీపు అమ్మే రుద్దేది, కదిలితే ఒకటి వేసేది కూడా. ఇక్కడ రూమ్‌మేట్‌ని అడగొచ్చు, కానీ ఆ పిల్లది నైట్ షిఫ్టు.

అయ్యో, నీళ్ళు ఆగిపోయాయి! వాష్ ఇంకా వీపు మీదే ఉందండి. బకెట్ పట్టుకుని కింద సంపు దగ్గరికి పోవాలి. మిగతా రెండో పార్ట్‌లో. పిన్నీ, లైక్ కొట్టు.