గేటు ముందు రోడ్డు ఎవరిది?

(కర్నూలులో డిగ్రీ విద్యార్థుల దగ్గర మాట్లాడింది, నోటి మాటను కాస్త సరిచేసి రాసుకున్నది)

అందరికీ నమస్కారం. ఎండ తగ్గినాక పెట్టండప్పా అంటే సరిగ్గా మూడింటికే పెట్టారు, ఫ్యాన్లు చూస్తే రెండే తిరుగుతున్నాయి, కాబట్టి నేను సాగదీయను. పార్లమెంటు భద్రత గురించి మాట్లాడమన్నారు. పోలీసు డిపార్ట్‌మెంటులో కానిస్టేబుల్‌గా చేరి ఎస్సైగా రిటైరైనవాణ్ణి. సర్వీసులో సగం బందోబస్తులోనే గడిచింది. ఢిల్లీ పార్లమెంటు దగ్గర డ్యూటీ ఎప్పుడూ చేయలేదు గానీ, తాడు పట్టుకుని జనం ముందు నిలబడ్డం ఎట్లుంటుందో తెలుసు.

ముందు ఇక్కడి ముచ్చట ఒకటి. చాలా ఏళ్ల కిందట ఉల్లి ధర పడిపోయినప్పుడు రైతులు హైవే మీదికొచ్చారు. నడిచి వచ్చినవాళ్లు మూడు వందల మందో ఎంతో. వాళ్లతో మాకు పెద్ద టెన్షన్ లేదు, గంటసేపు కూర్చున్నారు, అరిచారు, మా పెద్దాఫీసరు వచ్చి మాట్లాడినాక సగం మంది లేచారు. టెన్షన్ పెట్టింది నాలుగే నాలుగు ట్రాక్టర్లు. రోడ్డుకు అడ్డంగా నిలిపి, తాళంచెవులు జేబులో వేసుకుని డ్రైవర్లు వెళ్లిపోయారు. మనిషినైతే నలుగురం కలిసి ఎత్తి వ్యానులో కూర్చోబెడతాం, ఉల్లిగడ్డల లోడుతో ఉన్న ట్రాక్టరును ఏం చేస్తాం? క్రేన్ కోసం ఫోన్ చేస్తే వాళ్లు, అన్నా, రేపు మళ్లీ ఈ ఊళ్లోనే బతకాలి, మేం రాం అన్నారు. రాత్రి తొమ్మిది దాటింది రోడ్డు క్లియర్ అయ్యేసరికి.

ఈ నాలుగు ట్రాక్టర్లను గుర్తుపెట్టుకుని ఇప్పుడు కెనడా వెళ్దాం.

2022 జనవరిలో అమెరికా సరిహద్దు దాటే లారీ డ్రైవర్లకు టీకా తప్పనిసరి చేశారని కోపమొచ్చి, వాళ్లతోపాటు ఇంకా రకరకాల కోపాలున్నవాళ్లు కలిసి, లారీలు వేసుకుని రాజధాని ఒట్టావా చేరారు. అక్కడ పార్లమెంటు ఒక గుట్ట మీద ఉంటుంది, పార్లమెంట్ హిల్ అంటారు. దాని ముందు పచ్చిక, పచ్చిక అంచున గోడ, గోడకు ఆనుకుని వెల్లింగ్టన్ స్ట్రీట్. ఆ పచ్చిక మీదికి ఎవరైనా నడిచి పోవచ్చు, ఎండాకాలంలో బుధవారం మధ్యాహ్నాలు జనం అక్కడ యోగా చేస్తారంటే నేను మొదట నమ్మలేదు. మన దగ్గర కలెక్టరేట్ గడ్డి మీద కూర్చుంటేనే విజిల్ వేస్తారు కదా!

లారీలు ఆ గడ్డి మీదికి పోలేదు, వెల్లింగ్టన్ స్ట్రీట్‌లోనే ఆగాయి, ఆగి మూడు వారాలకు పైగా అక్కడే ఉన్నాయి. పగలూ రాత్రీ హారన్లు. చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో జనానికి నిద్ర లేదు, చివరికి ఒక అమ్మాయి కోర్టుకు పోయి హారన్లు ఆపమని ఆర్డరు తెచ్చుకోవాల్సి వచ్చింది. మైనస్ చలిలో రోడ్డు మీద స్టేజీ, వేడినీళ్ల టబ్బు, పిల్లలు ఎగిరే గాలి కోట కూడా పెట్టారు. అంటే జాతర పెట్టేశారన్నమాట.

మరి పోలీసులేం చేస్తున్నారు? నా లెక్కన అసలు విషయం ఇదే. గుట్ట మీద, బిల్డింగుల్లో భద్రత పార్లమెంటు సొంత రక్షణ దళానిది. ఆ దళం పుట్టింది కూడా ఒక దెబ్బ తగిలినాకే. 2014 అక్టోబర్‌లో ఒకడు తుపాకీతో యుద్ధ స్మారకం దగ్గర కాపలా ఉన్న సైనికుణ్ణి చంపి, అక్కణ్ణుంచి నేరుగా పార్లమెంటు లోపలికి దూసుకుపోయాడు. అప్పటిదాకా దిగువ సభకు ఒక సెక్యూరిటీ, ఎగువ సభ సెనేట్‌కు ఇంకొకటి, బయట గడ్డి మీద జాతీయ పోలీసులు, ఎవరి వైర్‌లెస్ వాళ్లది. 2015లో అన్నీ కలిపి ఒకటి చేశారు. బాగానే చేశారు, కానీ గోడ దగ్గర ఆపేశారు. గోడ దాటి అడుగు బయట పెడితే వెల్లింగ్టన్ స్ట్రీట్ ఒట్టావా నగర పోలీసులది. ప్రధాని రక్షణ జాతీయ పోలీసులది, ఆయన ఆఫీసేమో ఆ రోడ్డుకు అవతలి పక్క. మన భాషలో చెప్పాలంటే ఒకే వీధి మీద మూడు స్టేషన్ల లిమిట్స్. శవం మా లిమిట్స్‌లోది కాదని ఇద్దరు సీఐలు వాదులాడుకోవడం నేను కళ్లారా చూశాను, పెద్ద దేశాల్లో కూడా ఇంతేనా అని నవ్వొచ్చింది.

తర్వాతి కథ కూడా మన ఉల్లి కథే. లారీలు లాగడానికి క్రేన్లవాళ్లు రామన్నారు. ఫిబ్రవరి 14న ప్రభుత్వం ఎమర్జెన్సీ చట్టం బయటికి తీసింది. 1988లో చేసిన చట్టం, అప్పటిదాకా ఒక్కసారి కూడా వాడలేదు. దాంతో క్రేన్లను తప్పనిసరిగా రప్పించే అధికారం వచ్చింది. వచ్చినవాళ్లు కూడా బండ్ల మీద కంపెనీ పేర్లు కప్పేసుకుని, ముఖాలకు ముసుగులు వేసుకుని వచ్చారు. రేపు మళ్లీ అదే ఊళ్లో బతకాలి కదా. ఆ గొడవ మధ్యలోనే ఒట్టావా పోలీసు చీఫ్ రాజీనామా చేశాడు. ఆ చట్టం వాడటం సరికాదని 2024 జనవరిలో అక్కడి ఫెడరల్ కోర్టే అంది.

అంతా అయినాక వెల్లింగ్టన్ స్ట్రీట్‌లో పార్లమెంటు ముందు భాగాన్ని వాహనాలకు మూసేశారు, ఏడాది దాటినా తెరవలేదు. 2022 డిసెంబర్‌లో ఎంపీల కమిటీ ఒకటి, ఆ వీధిని, దాని వెనక వీధిలో కొంత భాగాన్ని కూడా పార్లమెంటు పరిధిలోకి తేవాలని సిఫారసు చేసింది. 2023 ఏప్రిల్ చివర్లో నగరం మళ్లీ కార్లను వదిలేసింది. ట్రాఫిక్ ఇబ్బంది, వ్యాపారాలు, నగరానికి ఉండే బాధలు నగరానికి ఉంటాయి. నన్నడిగితే మాత్రం అది తొందరపాటు. ఆ వీధిని నడిచేవాళ్లకు పూర్తిగా తెరిచి, చక్రాలకు మూసేసి ఉంటే పోయేది. ప్లకార్డు పట్టుకున్న పదివేల మంది కంటే రోడ్డుకు అడ్డంగా తాళం వేసిన యాభై లారీలు భద్రతకు పెద్ద తలనొప్పి, ఈ మాట బందోబస్తు చేసిన ఏ కానిస్టేబుల్‌నైనా అడగండి.

న్యూజీలాండ్‌లోనూ అదే 2022 ఫిబ్రవరిలో నిరసనకారులు పార్లమెంటు పచ్చికలో గుడారాలు వేశారు. వాళ్లను పంపించడానికి స్పీకర్ గారు గడ్డికి నీళ్లు పట్టే స్ప్రింక్లర్లు వదిలి, లౌడ్‌స్పీకర్లలో పాత పాటలు మోగించారు. జనం పోతారా? కాలువలు తవ్వి, ఎండుగడ్డి పరుచుకుని కూర్చున్నారు. చివరికి మార్చి 2న పోలీసులు దిగితే గుడారాలకు నిప్పు అంటుకుంది. జనాన్ని విసిగిస్తే పోతారనుకునే ఆఫీసర్లను నేనూ చూశాను, మంచినీళ్ల కొళాయి కట్టేయించిన మహానుభావుడు కూడా ఉన్నాడు.

లండన్ వాళ్ల సంగతి ఇంకో రకం. ఒకే ఒక్క మనిషి, బ్రయాన్ హా అని, 2001 నుంచి పార్లమెంటు ఎదురుగా శిబిరం వేసుకుని కూర్చున్నాడు. 2005లో పార్లమెంటు చుట్టూ కిలోమీటరు దాకా ముందు అనుమతి లేకుండా నిరసన చేయకూడదని చట్టం తెస్తే, ఆయన చట్టం కంటే ముందే మొదలుపెట్టాడు కాబట్టి ఆయనకు వర్తించదని హైకోర్టు అంది! పై కోర్టు దాన్ని మార్చిందనుకోండి. 2011లో ఆ ఏర్పాటును ఎత్తేసి, పరిధి బాగా తగ్గించిన కొత్త నియమాలు పెట్టారు.

ఇప్పుడు మన ఢిల్లీ. అక్కడ లిమిట్స్ గొడవ తక్కువ, ఎందుకంటే రోడ్డు మీద ఢిల్లీ పోలీసులైనా, 2024 మే నుంచి పార్లమెంటు కాపలా చూస్తున్న కేంద్ర బలగం సీఐఎస్ఎఫ్ అయినా కేంద్ర హోంశాఖ కిందే. అక్కడ తగ్గిపోయింది జనం నిలబడే చోటు. 1988లో రైతు నాయకుడు మహేంద్ర సింగ్ టికాయత్ గారు లక్షల మంది రైతులతో బోట్ క్లబ్ పచ్చికలో రోజుల తరబడి కూర్చున్నారు, అది పార్లమెంటుకు దగ్గర్లోనే. తర్వాత బోట్ క్లబ్ పోయి జంతర్ మంతర్ వచ్చింది. 2017లో శబ్దం ఎక్కువైందని పర్యావరణ కేసులు చూసే హరిత ట్రిబ్యునల్ అదీ వద్దంది, 2018లో సుప్రీంకోర్టు పూర్తి నిషేధం కుదరదంది. 2021లో రైతులు అక్కడ కిసాన్ సంసద్, అంటే రైతుల పార్లమెంటు, పెట్టుకుంటే రోజుకు 200 మందికే అనుమతి.

జనాన్ని ఇంత దూరం జరిపినందుకు లోపల భద్రత పెరిగిందా? 2023 డిసెంబర్ 13న, అంటే 2001 పార్లమెంటు దాడికి సరిగ్గా ఇరవై రెండేళ్లకు, ఇద్దరు సందర్శకుల గ్యాలరీ నుంచి లోక్‌సభలోకి దూకి పసుపు పొగ వదిలారు. వాళ్లు బారికేడ్ దూకలేదు, ఎంపీ ఆఫీసు నుంచి వచ్చిన పాసుతో లైన్‌లో నిలబడి వచ్చారు, డబ్బాలు బూట్లలో ఉన్నాయి. మూడు కిలోమీటర్ల అవతల ముళ్లకంచె వేసినా ఆ బూటు విప్పించి చూసేది గేటు దగ్గరున్న మనిషే.

మన దగ్గరి సంగతి ఒకటి చెప్పకపోతే తప్పు. 2000 ఆగస్టు 28న కరెంటు చార్జీల మీద ఛలో అసెంబ్లీ అంటే హైదరాబాదులో బషీర్‌బాగ్ దగ్గర ఆపారు, కాల్పులు జరిగాయి, ముగ్గురు పోయారు. ఆ రోజు నేను అక్కడ లేను. అక్కడున్న తోటివాళ్లు చెప్పిన మాట ఒక్కటే, వెనక్కి పోయే దారి కూడా లేకుండా ఇరుక్కుపోయాం అని, జనం గురించీ తమ గురించీ కలిపి. బారికేడ్ వేసేటప్పుడు ఆపడం ఒక్కటే ఆలోచిస్తారు, జనం ఎటు పోవాలో ప్లాన్‌లో ఉండదు. నా చేతికి వచ్చిన ఏ బందోబస్తు స్కీములోనూ జనం బయటికి పోయే దారి గీత నేను చూడలేదు.

మన ఊళ్లోనూ అసెంబ్లీ ఉండేది, మీకు తెలుసో లేదో. 1953 నుంచి 56 దాకా ఆంధ్ర రాష్ట్ర రాజధాని కర్నూలే, ఆఫీసులు చాలావరకు డేరాల్లో నడిచాయి. ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం 1954లో ఒక్క ఓటుతో పడిపోయిందీ ఇక్కడే. డేరా గుడ్డ పక్కనే నిలబడి గట్టిగా అరిస్తే లోపలివాళ్లకు వినపడి ఉంటుంది.

సరే, నేను చెప్పాలనుకున్నది అయిపోయింది. ఆ వెనక కిటికీ పక్కన పిల్లాడు ఉల్లి ట్రాక్టర్ల దగ్గర్నుంచీ చెయ్యి ఎత్తుకునే ఉన్నాడు, ముందు మైకు ఆయనకివ్వండి.